తాటికల్లు పులియడం

తాటిచెట్టు గెలల నుండి కారే తీపి రసం, గాలిలోను కుండలోను ఉండే సూక్ష్మజీవుల చర్య వలన కొద్ది గంటలలోనే కల్లుగా మారే ప్రక్రియను తాటికల్లు పులియడం అంటారు. శాస్త్ర పరిభాషలో దీనిని కిణ్వనం లేదా కిణ్వ ప్రక్రియ అంటారు. ఆంధ్రప్రదేశ్ లోని ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి పరిసర ప్రాంతాలలో చేలగట్ల మీద, కాలువగట్ల మీద పెరిగే తాటిచెట్ల నుండి కల్లు తీయడం తరతరాలుగా వస్తున్న వృత్తి. ఈ రసం పులియడానికి ప్రత్యేకించి ఏమీ కలపనవసరం లేదు. పులియకుండా ఆపడమే కష్టమైన పని. అందుకు ఉపయోగపడే సాధనాలలో ముఖ్యమైనది చల్లదనం. రసం ఎంత వేడిలో ఎంతసేపు ఉన్నది అనే దానిని బట్టి అది నీరాగా, తీపికల్లుగా, పులికల్లుగా, చివరకు వెనిగర్‌గా పరిణమిస్తుంది. గీత కార్మికుని రాబడి కూడా ఈ కొద్ది గంటల మీదనే ఆధారపడి ఉంటుంది.

ఈ వ్యాసంలో ఇచ్చిన ఉష్ణోగ్రతలన్నీ సెంటీగ్రేడు డిగ్రీలలో ఉన్నవి.

పేరు

కల్లు అనేది ద్రావిడ భాషలలో ఉమ్మడిగా ఉన్న పదం. తమిళంలో "కళ్", మలయాళంలో "కళ్ళ్" అనే రూపాలు ఉన్నవి. తాటిచెట్టుకు సంస్కృతంలో తాళము అని పేరు. దాని నుండి వచ్చిన హిందీ మాట "తాడీ"యే ఆంగ్లేయుల నోట "టాడీ" అయినది. అదే మాట స్కాట్లండుకు చేరి, అక్కడ వేడినీరు, చక్కెర కలిపిన విస్కీకి పేరుగా స్థిరపడినది. తాటిచెట్టు వృక్షశాస్త్ర నామం బొరాసస్ ఫ్లాబెల్లిఫర్.

ప్రాంతం, చెట్లు

కొల్లేరు సరస్సు కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరులు దీనిలో కలుస్తాయి. ఉప్పుటేరు ద్వారా సరస్సు నీరు సముద్రానికి పోతుంది. 1999లో దీనిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేర్చారు. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనతో ఏలూరు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినది. తాడేపల్లిగూడెం మాత్రం భీమవరం కేంద్రంగా గల పశ్చిమ గోదావరి జిల్లాలోనే ఉన్నది.

ఈ ప్రాంతంలో కల్లు ఇచ్చే చెట్లు ప్రధానంగా మూడు రకాలు.

* తాటిచెట్టు: డెల్టా పల్లపు భూములలోను, మెట్టలోను కూడా కనిపిస్తుంది. దీనిలో పోతుచెట్లు, పెంటిచెట్లు వేరువేరుగా ఉంటాయి. రెండింటినీ గీస్తారు.
* ఈతచెట్టు: మెట్ట ప్రాంతాలలో, వాగుల వెంట ఎక్కువ. దీనికి గెలను కాక, మొవ్వు దగ్గర కాండాన్ని చెక్కి రసం తీస్తారు.
* జీలుగుచెట్టు: పోలవరం వైపు గిరిజన ప్రాంతాలలో పెరుగుతుంది.

తాటిచెట్టు కల్లుకు మాత్రమే పరిమితమైనది కాదు. ముంజలు, తాటిపండ్లు, తేగలు, తాటాకులు, దూలాలు అన్నీ ఉపయోగకరమైనవే. కొల్లేటిలో తాటిమానును తొలిచి చేసిన తాటిదోనెల మీద లంక గ్రామాల ప్రజలు రాకపోకలు సాగించేవారు. పెదవేగి, చింతలపూడి ప్రాంతాలలో విస్తారంగా సాగవుతున్న ఆయిల్‌పామ్ వేరే చెట్టు. దానికి ఈ వ్యాస విషయంతో సంబంధం లేదు.

గీత విధానం

తాటిచెట్టు పూతకు రావడానికి సాధారణంగా 12 నుండి 20 ఏళ్లు పడుతుంది. చలికాలంలో గెలలు వేయడం మొదలైనప్పటి నుండి వేసవి చివరి వరకు గీత కాలం. గీత కార్మికుడు మోకు సాయంతో చెట్టెక్కి, గెలను కట్టి, మెల్లగా నొక్కి మెత్తబరచి, దాని కొనను పదునైన కత్తితో పలుచగా చెక్కుతాడు. కోసిన చోట నుండి రసం చుక్కలు చుక్కలుగా కారుతుంది. గెల కొనకు కట్టిన కుండలో (దీనినే లొట్టి అంటారు) ఆ రసం చేరుతుంది. పాత కోత ఆరిపోయి రసం ఆగిపోకుండా రోజుకు రెండు పూటలా కొన చెక్కాలి. అంటే ఒక్కొక్క చెట్టును దినానికి కనీసం రెండుసార్లు ఎక్కి దిగాలి. చెట్టు ఎత్తు 20 మీటర్లకు మించి కూడా ఉండవచ్చును.

రసంలోని పదార్థాలు

అప్పుడే కారిన తాటిరసం నీటివలె తేటగా, మిక్కిలి తియ్యగా ఉంటుంది. దానిలో ఇంచుమించు 10 నుండి 14 శాతం చక్కెర ఉంటుంది. ఆ చక్కెరలో అత్యధిక భాగం చెరకు చక్కెర వంటి సుక్రోజే. కొద్దిగా మాంసకృత్తులు, ఖనిజ లవణాలు, విటమిన్లు కూడా ఉంటాయి. రసం పి.హెచ్. విలువ 7కు దగ్గరగా ఉంటుంది, అనగా పులుపు గాని క్షారగుణం గాని దాదాపు ఉండదు. తీపి, తేమ, పోషకాలు, తటస్థ గుణం అన్నీ ఒకచోట చేరడం వలన సూక్ష్మజీవులు పెరగడానికి ఇంతకంటె అనుకూలమైన ద్రవం అరుదు.

కల్లుకు ఉండే తెల్లని రంగు రసానికి సహజమైనది కాదు. పులుస్తున్న కొద్దీ కోట్లకొలది ఈస్టు కణాలు, బాక్టీరియాలు రసంలో తేలియాడడం వలన అది పాలవలె తెల్లబడుతుంది.

పులిసే క్రమం

పులియడం కుండ దించిన తరువాత మొదలయ్యేది కాదు. రసపు చుక్క గెల కొన నుండి జారుతుండగానే గాలి నుండి, కీటకాల నుండి, కోత మీది పాత రసం నుండి సూక్ష్మజీవులు దానిలో చేరుతాయి. కుండ అడుగున నిన్నటి మడ్డి ఏ కొంచెం మిగిలినా అది పెరుగుకు తోడువలె పనిచేస్తుంది. ఆ తరువాతి మార్పులను మూడు దశలుగా చెప్పవచ్చును. ఈ దశలు ఒకదానిలో ఒకటి కలిసి సాగుతాయే గాని వాటి నడుమ స్పష్టమైన హద్దులు లేవు.

1. లాక్టిక్ దశ: ల్యూకోనోస్టాక్, లాక్టోబాసిల్లస్ వంటి బాక్టీరియాలు చక్కెర నుండి లాక్టిక్ ఆమ్లాన్ని తయారు చేస్తాయి. పి.హెచ్. తగ్గడం మొదలవుతుంది. ల్యూకోనోస్టాక్ సుక్రోజు నుండి డెక్‌స్ట్రాన్ అనే జిగురు పదార్థాన్ని కూడా చేస్తుంది. రసం కొంచెం చిక్కబడి తీగసాగడానికి ఇదే కారణం.
2. మద్య దశ: శాకరోమైసిస్ సెరివీసియే మొదలైన ఈస్టులు సుక్రోజును గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొట్టి, వాటిని ఇథైల్ ఆల్కహాలుగా, బొగ్గుపులుసు వాయువుగా మారుస్తాయి. నురగ, పొంగు, చిటపట శబ్దం ఈ వాయువు వలననే. జైమోమోనాస్ మొబిలిస్ అనే బాక్టీరియా కూడా ఈ పని చేస్తుంది.
3. ఎసిటిక్ దశ: గాలి తగులుతూ ఉంటే అసిటోబాక్టర్ జాతి బాక్టీరియాలు ఆల్కహాలును ఎసిటిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఈ దశలో పి.హెచ్. 4కు, ఇంకా దిగువకు పోతుంది. ఘాటైన పులుపు వచ్చి కల్లు తాగడానికి పనికిరాకుండా పోతుంది.

కల్లులో ఎంత ఆల్కహాలు ఏర్పడగలదో లెక్క కట్టవచ్చును. 100 మిల్లీలీటర్ల రసంలో 12 గ్రాముల సుక్రోజు ఉన్నదనుకొంటే, అది పూర్తిగా ఆల్కహాలుగా మారినప్పుడు సుమారు 6.4 గ్రాముల ఆల్కహాలు వస్తుంది. పరిమాణం ప్రకారం ఇది 8 శాతం. అయితే కొంత చక్కెర ఆమ్లాలకు, జిగురుకు, సూక్ష్మజీవుల పెరుగుదలకు ఖర్చవుతుంది. కొంత పులియకుండానే తాగబడుతుంది. అందువలన సామాన్యంగా కల్లులో ఆల్కహాలు 4 నుండి 6 శాతం వరకే ఉంటుంది.

ఉష్ణోగ్రత ప్రభావం

సూక్ష్మజీవులు తట్టుకోగల హద్దులలో ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చర్యావేగం సుమారు రెట్టింపవుతుందని ఉజ్జాయింపుగా చెబుతారు. ఈ లెక్కన 35 డిగ్రీల వద్ద 4 గంటలలో జరిగే మార్పుకు 25 డిగ్రీల వద్ద 8 గంటలు, 15 డిగ్రీల వద్ద 16 గంటలు పడుతుంది. ఇది స్థూలమైన లెక్కే అయినా, చల్లదనం విలువను గ్రహించడానికి చాలును. వివిధ ఉష్ణోగ్రతల వద్ద తాటిరసం స్థితి సుమారుగా ఈ విధంగా ఉంటుంది.

* 0 నుండి 4 డిగ్రీలు: పులియడం దాదాపు నిలిచిపోతుంది. సూక్ష్మజీవులు చావవు, నిద్రాణంగా ఉంటాయి. వేడి తగిలిన వెంటనే మళ్లీ పని మొదలుపెడతాయి.
* 10 నుండి 15 డిగ్రీలు: చాలా నెమ్మదిగా పులుస్తుంది. చలిని ఓర్చే ఈస్టులు, కొన్ని లాక్టిక్ బాక్టీరియాలు మాత్రమే పనిచేస్తాయి.
* 18 నుండి 24 డిగ్రీలు: నిలకడగా పులుస్తుంది. డెల్టాలో శీతకాలపు రాత్రులలో కుండ ఈ స్థితిలో ఉంటుంది.
* 28 నుండి 35 డిగ్రీలు: మూడు దశలూ ఒకదానినొకటి తరుముకొంటూ సాగుతాయి. ఒక్క రోజులోనే తీపి పోయి పులుపు ముదురుతుంది.
* 40 డిగ్రీలకు పైన: ఈస్టు క్రమంగా నీరసిస్తుంది. కల్లు రుచి చెడుతుంది.
* 60 డిగ్రీలకు పైన కొన్ని నిమిషాలు: ఈస్టులు చనిపోతాయి. రసాన్ని వేడిచేసి నిలువ చేసే పద్ధతులకు ఇదే ఆధారం.

ఉష్ణోగ్రత వేగాన్నే కాక రుచిని కూడా మారుస్తుంది. వేడిలో తొందరగా పెరిగే ఈస్టు ఇథైల్ ఆల్కహాలుతో పాటు ఫ్యూసెల్ ఆల్కహాలులు అనే ఘాటైన పదార్థాలను, పండ్లవాసన గల ఎస్టర్లను ఎక్కువగా తయారు చేస్తుంది. చల్లగా పులిసిన పానీయంలో ఇవి తక్కువ. అంతేకాక పులియడంలో స్వయంగా కొంత వేడి పుడుతుంది. పెద్ద పాత్రలో పోసి మూసి ఉంచిన కల్లు చుట్టూ ఉన్న గాలికంటె వెచ్చగా ఉండడానికి ఇదే కారణం.

ఏలూరు ప్రాంతపు వాతావరణం, స్థానిక పద్ధతులు

ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాలలో వేసవి పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం కద్దు. జనవరి తెల్లవారుజామున మాత్రం 20 డిగ్రీల దిగువకు తగ్గుతుంది. అనగా గీత కాలం చలిలో మొదలై ఎండలు ముదిరే నాటికి ముగింపునకు వస్తుంది. అదే చెట్టు, అదే చేయి అయినా జనవరి కల్లు, మే నెల కల్లు ఒకే రుచిలో ఉండకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. రిఫ్రిజిరేటరు లేని కాలం నుండి ఇక్కడివారు వేడిని ఎదుర్కొనడానికి కొన్ని ఉపాయాలు పాటిస్తున్నారు.

వేళ: చల్లదనాన్ని తయారు చేయలేనప్పుడు చల్లని వేళను వాడుకోవడం మొదటి ఉపాయం. సాయంత్రం గెల చెక్కి కుండ కడితే రాత్రంతా రసం చల్లగాలిలో చేరుతుంది. తెల్లవారక ముందే దించిన ఆ రసం తీపిగా, తేలికగా ఉంటుంది. పగలు ఎండలో చేరిన రసం సాయంత్రం దించేటప్పటికే పులిసి, మత్తు ఎక్కువగా ఉంటుంది. ఉదయపు కల్లుకు, సాయంత్రపు కల్లుకు తాగేవారు వేరువేరు గుణాలు చెప్పడంలో శాస్త్రీయమైన ఆధారం ఉన్నది.

మట్టికుండ: కాల్చిన మట్టికుండ సన్నని రంధ్రాల గుండా నీటిని చెమర్చి, ఆ చెమ్మ ఆవిరి కావడం వలన లోపలి ద్రవాన్ని చల్లబరుస్తుంది. అయితే ఈ చల్లదనానికి ఒక హద్దు ఉన్నది. గాలిలో తేమ ఎంత ఎక్కువగా ఉంటే ఆవిరి కావడం అంత తక్కువ. సముద్రపు గాలి, కొల్లేటి నీరు, వరిచేల తడి కలిసిన డెల్టాలో గాలి తరచు తేమగా ఉంటుంది గనుక, మట్టికుండ పొడినేలలలో ఇచ్చినంత చల్లదనాన్ని ఇక్కడ ఇవ్వలేదు. ప్లాస్టిక్ డబ్బాలు వచ్చిన తరువాత ఆ కొద్దిపాటి మేలు కూడా తగ్గినది. ప్లాస్టిక్ చెమర్చదు. పైగా గీతలు పడిన ప్లాస్టిక్ గోడలలో మడ్డి పేరుకుపోయి కడిగినా వదలదు.

శుభ్రత: కుండను రోజూ కడిగి, ఎండబెట్టి, వేడి చూపించి కట్టడం వలన నిన్నటి సూక్ష్మజీవులు తగ్గి, ఈనాటి రసం ఆలస్యంగా పులుస్తుంది.

సున్నం: కుండ లోపల సున్నం పూస్తే రసం క్షారగుణం పొంది సూక్ష్మజీవులు పెరగవు. తాటిబెల్లం చేయడానికి, నీరా తీయడానికి ఈ పద్ధతి వాడుకలో ఉన్నది. సున్నం ఎక్కువైతే రుచి చెడుతుంది. తరువాత దానిని తొలగించవలసి ఉంటుంది.

మంచు: పట్టణాలకు తరలించే వ్యాపారులు ఐసు వాడుతారు. రసం పులియడం మొదలైన తరువాత ఐసు పెడితే వేగం తగ్గుతుందే గాని, అప్పటికే ఏర్పడిన ఆమ్లం, ఆల్కహాలు వెనుకకు పోవు. ఐసు ముక్కలను నేరుగా కల్లులో వేస్తే పలుచబడడమే కాక, ఆ నీటి శుభ్రత మీద కూడా సందేహం ఉంటుంది.

చల్లగా పులియబెట్టడానికి పోలిక: స్కాటిష్ ఏల్

చలిదేశాలలో ఉష్ణోగ్రతను ఏ విధంగా వాడుకొన్నారో తెలుసుకోవడానికి స్కాట్లండులో బార్లీ మొలకల నుండి తయారు చేసే ఏల్ అనే పానీయం మంచి ఉదాహరణ. ఏల్ బీరులో ఒక రకం. 19వ శతాబ్దిలో పీపా ధరను బట్టి ఈ ఏల్‌లకు 60 షిల్లింగులు, 70 షిల్లింగులు, 80 షిల్లింగులు అని పేర్లు వచ్చినవి. ఆ పేర్లు నేటికీ వాడుకలో ఉన్నవి. ఎడింబరో నగరంలో జూలై నెల సగటు ఉష్ణోగ్రత కూడా సుమారు 15 డిగ్రీలే. ఏలూరులో చల్లదనం కోసం వెదకవలసి ఉండగా, అక్కడ చల్లదనం గదిలోనే ఉంటుంది.

ఇంగ్లండు ఏల్‌లు సాధారణంగా 18 నుండి 22 డిగ్రీల వద్ద పులుస్తాయి. 19వ శతాబ్ది తొలి సగంలో స్కాట్లండులోని గట్టి ఏల్‌లను 10 డిగ్రీలకు దగ్గరగా మొదలుపెట్టి, రెండు మూడు వారాలు నిదానంగా పులియబెట్టేవారు. స్కాటిష్ ఏల్ అంతా ఎల్లకాలం చల్లగానే పులిసినదనే ప్రచారం మాత్రం పూర్తిగా సరైనది కాదు. ఆ శతాబ్ది చివరి భాగపు బ్రూయరీల దినచర్య పుస్తకాలలో కనిపించే ఉష్ణోగ్రతలు ఇంగ్లండువాటికి అంత భిన్నంగా లేవు.

ఇంటివద్ద ఏల్ తయారు చేసుకొనేవారు ఇప్పుడు పాటించే క్రమం ఇది. బార్లీ మొలకల తీపిరసాన్ని హాప్ పూలతో కలిపి గంటసేపు మరిగిస్తారు. దానితో సూక్ష్మజీవులన్నీ నశిస్తాయి. తరువాత రసాన్ని వేగంగా చల్లార్చి, ఎంపిక చేసిన ఈస్టును తగినంతగా కలిపి, 13 నుండి 16 డిగ్రీల వద్ద సుమారు రెండు వారాలు ఉంచుతారు. ఫ్రిజ్ లేనివారు పాత్రకు తడిగుడ్డ చుట్టి, నీటి తొట్టెలో నిలిపి, గడ్డకట్టిన నీటి సీసాలను మార్చుతూ ఉంటారు. చివరి రెండు మూడు రోజులు 18 డిగ్రీల వరకు వెచ్చబడనిస్తారు. చలిలో ఈస్టు వదలిపెట్టిన డయాసిటైల్ అనే వెన్నవాసన గల పదార్థాన్ని ఆ వెచ్చదనంలో ఈస్టే తిరిగి పీల్చుకొంటుంది. పిమ్మట కొన్ని వారాలు చలిలో నిలువ ఉంచితే పానీయం తేటపడుతుంది.

ఈ పద్ధతిని తాటిరసానికి యథాతథంగా వర్తింపజేయడానికి రెండు అడ్డంకులు ఉన్నవి. మొదటిది, తాటిరసాన్ని మరిగించరు. మరిగిస్తే పచ్చిరసపు వాసన పోయి బెల్లపు పాకం వాసన వస్తుంది. రెండవది, మరిగించని రసాన్ని 12 లేక 15 డిగ్రీల వద్ద ఉంచితే ఈస్టు వెనుకబడుతుంది గాని ల్యూకోనోస్టాక్ వంటి బాక్టీరియాలు అంతగా వెనుకబడవు. ఫలితంగా మత్తు లేకుండానే పులుపు, జిగురు పెరిగిన రసం మిగలవచ్చును. కనుక సగం చల్లదనం వలన తాటిరసానికి పెద్ద ప్రయోజనం లేదు. కుండ శుభ్రంగా ఉండాలి, చల్లదనం రసం కారే క్షణం నుండే ఉండాలి, 4 డిగ్రీల దరిదాపులకు చేరాలి. ఈ మూడు కుదిరినప్పుడు తీపి నిలుస్తుంది.

నీరా, శీతల సేకరణ

పులియని తాటిరసాన్ని నీరా అంటారు. మహాత్మా గాంధీ మద్యనిషేధంతో పాటు నీరాను, తాటిబెల్లాన్ని ప్రోత్సహించాలని చెప్పారు. గీత కార్మికుల జీవనోపాధి పోకుండా మత్తును తగ్గించడం దీని ఉద్దేశం. ఆచరణలో అడ్డు వచ్చినది వేడి. సూర్యోదయానికి నీరాగా ఉన్న రసం మధ్యాహ్నానికి చట్టం దృష్టిలో మత్తు పానీయమవుతుంది.

కాసరగోడులోని కేంద్ర తోటపంటల పరిశోధన సంస్థ కొబ్బరి గెలకు అమర్చే మంచుపెట్టెను రూపొందించినది. రసం కారుతుండగానే మంచు నడుమ ఉన్న సంచిలో చేరడం వలన సున్నం అవసరం లేకుండానే తీపిగా ఉంటుంది. ఈ రసానికి "కల్పరస" అని పేరు పెట్టారు. తాటిచెట్టు విషయంలో ఇదే పని మరింత శ్రమతో కూడినది. తాటి ఎత్తు ఎక్కువ, గెలలు అనేకం. ప్రతి గెలకూ మంచుపెట్టెను మోసుకొని ఎక్కాలి.

తాడేపల్లిగూడెం మండలం వెంకటరామన్నగూడెంలో 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయం ఏర్పడినది. దీనికి తరువాత డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయం అని పేరు పెట్టారు. రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలో ఉన్న దీని పరిశోధన స్థానం తాటిచెట్టు మీద, నీరా మీద, తాటి ఉత్పత్తుల మీద పని చేస్తున్నది. తెలంగాణలో హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో 2023లో ప్రభుత్వం నీరా కేఫ్ ప్రారంభించినది.

జాగ్రత్తలు

* చల్లదనం సూక్ష్మజీవులను చంపదు. ఫ్రిజ్‌లో ఉంచిన మాత్రాన మురికి కుండలోని రసం శుభ్రపడదు.
* రాత్రివేళ గబ్బిలాలు గెలను, కుండను నాకుతాయి. బంగ్లాదేశ్‌లో ఈతజాతి చెట్ల పచ్చిరసం తాగడం ద్వారా నిపా వైరస్ మనుషులకు సోకినట్లు నిర్ధారణ అయినది. కుండ మూతిని, గెల కొనను తడికతో గాని వలతో గాని కప్పడం ప్రాణరక్షణకు సంబంధించిన విషయం.
* పులుస్తున్న కల్లును బిరడా బిగించిన సీసాలో పోయరాదు. బొగ్గుపులుసు వాయువు ఒత్తిడికి గాజుసీసా పగిలిపోతుంది. ఫ్రిజ్ నుండి తీసి వెచ్చని చోట పెట్టిన సీసాతో ఈ ప్రమాదం మరీ ఎక్కువ.
* ఎక్కువ నురగ, నిలకడైన మత్తు కోసం క్లోరల్ హైడ్రేటు, డయజిపామ్, ఆల్ప్రజోలమ్ వంటి మందులు కలిపిన కల్తీకల్లు ప్రాణాంతకం. దానికి అలవాటుపడినవారు ఒక్కసారిగా మానినప్పుడు మూర్ఛలు, మతి చలించడం వంటి లక్షణాలు కనబడతాయి. అట్టివారిని వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.
* "నీరా" పేరుతో మధ్యాహ్నం అమ్మే రసంలో ఆల్కహాలు ఉండే అవకాశం ఎక్కువ. గర్భిణులు, పిల్లలు దీనిని గమనించాలి.

చట్టం

ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు కల్లు 1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టం కింద ఉండేది. 1937లో రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో ప్రారంభించిన మద్యనిషేధం 1948 నాటికి రాష్ట్రమంతటా విస్తరించినది. వేలాది గీత కుటుంబాలు వృత్తి కోల్పోయినవి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన తరువాత గౌతు లచ్చన్న నాయకత్వంలో గీత కార్మికులు ఆందోళన సాగించారు. మద్యనిషేధం మీద తలెత్తిన వివాదంలోనే 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం అవిశ్వాస తీర్మానానికి ఒక్క ఓటు తేడాతో ఓడిపోయినది.

ప్రస్తుతం 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం అమలులో ఉన్నది. గీత కార్మికుల సహకార సంఘాలకు, కొన్ని చోట్ల విడిగా కార్మికులకు, చెట్లు గీయడానికి అనుమతులు ఇస్తారు. అనుమతి లేకుండా ఇంటివద్ద కల్లు గాని, బీరు గాని, మరే మద్యం గాని తయారు చేయడం నేరం. బ్రిటనులో 1963 నుండి సొంత వాడకానికి ఇంట్లో బీరు చేసుకోవడానికి లైసెన్సు అవసరం లేదు. అమెరికాలో 1978లో చేసిన చట్టంతో కేంద్రస్థాయిలో ఈ వెసులుబాటు కలిగినది. ఆ దేశాల పుస్తకాలలోని పద్ధతులను ఇక్కడ ఆచరించబోయేవారు ఈ తేడాను గుర్తించాలి.

వృత్తి, ప్రస్తుత స్థితి

గోదావరి జిల్లాలలో శెట్టిబలిజ, గౌడ కులాలవారు, ఇతర ప్రాంతాలలో ఈడిగ మొదలైనవారు ఈ వృత్తిలో ఉన్నారు. చెట్టు మీద నుండి జారిపడి మరణించడం, నడుము విరిగి జీవితాంతం మంచాన పడడం ఈ వృత్తిలో తరచు జరిగే ప్రమాదాలు. తెలంగాణ ప్రభుత్వం 2024లో "కాటమయ్య రక్షణ కవచం" పేరుతో చెట్టెక్కేవారికి రక్షణ పరికరాల పంపిణీ ప్రారంభించినది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నాటి కొత్త మద్యం విధానంలో గీత కులాలవారికి 10 శాతం దుకాణాలు కేటాయించారు.

వరిచేలు చేపల చెరువులుగా మారినప్పుడు చేలగట్లతో పాటు వాటి మీది తాటిచెట్లు కూడా పోతాయి. తాటి పెరిగి గీతకు రావడానికి ఒక తరం పడుతుంది గనుక నరికిన చెట్టుకు బదులు వెంటనే దొరకదు. ఉన్న చెట్ల నుండి రాబడి పెరగాలంటే రసం విలువ నిలవాలి. తెల్లవారుజామున దించిన కుండను ఎండ ముదరక ముందే అమ్ముకొనవలసి రావడం వలన ధర నిర్ణయించే శక్తి కార్మికునికి ఉండదు. మిగిలినది పారబోయాలి, లేదా పులికల్లుగా చవకగా అమ్మాలి. చెట్టు కిందనే చల్లబరచే పెట్టెలు, గ్రామస్థాయిలో శీతల గిడ్డంగి, రసాన్ని వేడిచేసి సీసాలలో నింపే చిన్న యంత్రాలు సహకార సంఘాల చేతికి వచ్చినప్పుడు ఆ గంటల గడువు రోజుల గడువుగా మారగలదు.

ఇవి కూడా చూడండి

* తాటి
* ఈత చెట్టు
* నీరా
* తాటిబెల్లం
* ఈస్టు
* కొల్లేరు సరస్సు
* గౌతు లచ్చన్న